తొక్కినకొద్దీ విరాళం

2002 వేసవిలో డెన్మార్క్‌లో పదకొండు మంది సైకిళ్లెక్కి పారిస్ దారి పట్టారు. రింకెబి అనే పళ్లరసాల కంపెనీతో ఏదో ఒక సంబంధం ఉన్నవాళ్లే అందరూ. టూర్ డి ఫ్రాన్స్ ఆఖరి రోజు పోటీని కళ్లారా చూడాలి, అదీ సైకిలు తొక్కుకుంటూ వెళ్లి చూడాలి. అంతకుమించి వాళ్లకు వేరే ఉద్దేశం లేదు. దారి ఖర్చులకు స్పాన్సర్లను అడిగితే అనుకున్నదానికన్నా ఎక్కువే ఇచ్చారు. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే 38,000 క్రోనర్లు మిగిలాయి. ఆ డబ్బు తీసుకెళ్లి ఒడెన్స్ యూనివర్సిటీ ఆసుపత్రిలోని క్యాన్సర్ పిల్లల వార్డుకు ఇచ్చేశారు.

ఇప్పుడు ఏటా ఉత్తర యూరప్ దేశాల నుంచి రెండు వేల మందికి పైగా పసుపు జెర్సీలు వేసుకుని, సైకిళ్ల మీద, జట్లు జట్లుగా పారిస్‌కు వెళ్తారు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. దాని పేరు టీమ్ రింకెబి. వీళ్లలో సైక్లింగ్ వీరులు తక్కువే. టీచర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు ఎక్కువ. అలాంటివాళ్లు అంత దూరం ఎలా వెళ్లగలరంటే, జట్టుగా వెళ్తారు కాబట్టి. ఇద్దరిద్దరు చొప్పున వరుస కడతారు. ముందున్న జంట గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాళ్లకు శ్రమ బాగా తగ్గుతుంది. కాసేపటికి ఆ జంట పక్కకు తప్పుకుని వెనక్కి జారుతుంది, రెండో జంట ముందుకొస్తుంది. ముందున్నవాడికి రోడ్డు మీద గుంత కనపడితే నోటితో చెప్పి ఊరుకోడు, హ్యాండిల్ మీది నుంచి ఒక చెయ్యి తీసి వేలు కిందికి చూపిస్తాడు. వెనకవాడు అదే చేస్తాడు, అతని వెనకవాడూ అంతే. క్షణాల్లో ఆ వేలు వరుస చివరిదాకా చేరుతుంది. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాడి వేగమే జట్టు వేగం. రికార్డుల పుస్తకాలు వేగాన్ని లెక్కపెడతాయి గానీ, నన్ను ఈ యాత్రల వైపు లాగింది మాత్రం ఈ లెక్కే.

సైకిలు తొక్కితే డబ్బెలా వస్తుంది?

మన దగ్గర చందా అంటే రసీదు పుస్తకం పట్టుకుని గడప గడపా తిరగడం. అక్కడ పద్ధతి వేరు. తొక్కేవాడు బంధువులకు, ఆఫీసులో తోటివాళ్లకు ముందే చెబుతాడు: ఫలానా తేదీన ఇన్ని కిలోమీటర్లు వెళ్తున్నాను, ఫలానా ఆసుపత్రి కోసం, మీ వంతు ఎంత? కొందరు మైలుకింత అని రాసిస్తారు, కొందరు మొత్తం ఒకేసారి ఇస్తారు. పెద్ద యాత్రల్లో ఒక్కొక్కరు కనీసం ఇంత సేకరించి తీరాలన్న నిబంధన ఉంటుంది. ఊరికే అడిగితే పది ఇచ్చేవాడు, తనకోసం ఒకడు ఎండలో చెమటోడుస్తున్నాడంటే వంద ఇస్తాడు. ఇచ్చేవాళ్లకు ఆ కష్టమే హామీ.

ఈ పద్ధతిలో అందరికన్నా ఎత్తుకు ఎదిగింది అమెరికాలోని పాన్ మాస్ ఛాలెంజ్. బిల్లీ స్టార్ అనే యువకుడి తల్లి 1974లో మెలనోమాతో, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్‌తో చనిపోయింది. 1980లో అతను స్నేహితులను కూడగట్టుకున్నాడు. మొత్తం 36 మంది మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న ప్రావిన్స్‌టౌన్ దాకా తొక్కారు. వచ్చింది 10,200 డాలర్లు. దాన్ని బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు ఇచ్చారు. ఏటా ఆగస్టు మొదట్లో జరిగే ఈ యాత్రకు ఇప్పుడు ఆరు వేల మందికి పైగా వస్తున్నారు. 1980 నుంచి ఇచ్చిన మొత్తం 100 కోట్ల డాలర్లు దాటింది. సైకిలు యాత్రల్లోనే కాదు, ఆటల పేరుతో విరాళాలు పోగుచేసే కార్యక్రమాలన్నిటిలోనూ ఒకే సంస్థకు ఇంత ఇచ్చినవి అరుదు. 2007 నుంచి తొక్కేవాళ్లు తెచ్చిన ప్రతి డాలరూ నేరుగా డానా-ఫార్బర్‌కే చేరుతోంది. టెంట్లు, భోజనాలు, అంబులెన్సుల ఖర్చును ప్రవేశ రుసుములు, స్పాన్సర్లు భరిస్తారు. 100 కోట్లన్న అంకె కన్నా ఈ ఏర్పాటే నాకు పెద్ద ఘనతగా కనిపిస్తుంది.

ఒకే కొండ, ఆరు సార్లు

పెద్ద కొండలే లేని దేశం వాళ్లు కొండెక్కి విరాళాలు తెస్తారంటే వింతే కదా! నెదర్లాండ్స్ దాదాపు అరచేతిలా చదునుగా ఉంటుంది. అక్కడివాళ్లు 2006లో ఫ్రాన్స్ వెళ్లి ఆల్ప్ డ్యుయెజ్ కొండ ఎక్కడం మొదలుపెట్టారు. 13.8 కిలోమీటర్ల ఎక్కుడు, 21 మలుపులు, నిట్టనిలువుగా వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులు తెలిసినవాళ్లకు ఆ ఒంపులు ఊహకందుతాయి. వీళ్లు దాన్ని ఒక్కసారి ఎక్కి ఊరుకోరు. ఒకే రోజు ఆరు సార్లు ఎక్కడమే లక్ష్యం. లెక్కేస్తే 126 మలుపులు, ఆరు వేల మీటర్లకు మించిన ఎత్తు. డబ్బంతా క్యాన్సర్ పరిశోధనకు. 2012లో ఒక్క ఏడాదే 3.2 కోట్ల యూరోలు వచ్చాయి.

తెల్లవారకముందే, ఇంకా చీకటి ఉండగానే బయల్దేరతారు. దారి పొడవునా మలుపుల దగ్గర కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. అవి క్యాన్సర్‌తో పోయినవాళ్ల కోసం, దానితో పోరాడుతున్నవాళ్ల కోసం పెట్టినవి. ఎక్కేవాళ్లలో చికిత్స పొందుతున్నవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఒక్కసారి ఎక్కడమే ఆరుసార్లతో సమానమని నిర్వాహకులూ, చూసేవాళ్లూ గుర్తిస్తారు.

అద్దె సైకిలు మీద ఆల్ప్స్ వైపు

ఇక ముగ్గురు మిత్రుల సంగతి. లండన్ వీధుల్లో స్టాండు నుంచి తీసుకుని, పని కాగానే మరో స్టాండులో పెట్టేసే అద్దె సైకిళ్లుంటాయి. బరువు 23 కిలోలు. మామూలు రేసు సైకిలు దానిలో మూడో వంతు ఉంటుంది. 2013లో, 24 గంటల్లోగా తిరిగి పెట్టకపోతే 150 పౌండ్ల జరిమానా ఉండేది. ఆ ఏడాదే ఈ ముగ్గురూ అలాంటి సైకిలొకటి తీసుకుని, వ్యానులో ఎక్కించుకుని సముద్రం దాటి, ఫ్రాన్స్ దక్షిణాన 1,900 మీటర్ల పైచిలుకు ఎత్తున్న మోఁ వెంతూ కొండ దగ్గర దిగారు. టూర్ డి ఫ్రాన్స్ వీరులనే మట్టి కరిపించిన కొండ అది. ఒకరు ఆ బండసైకిలు మీద శిఖరం దాకా తొక్కారు. వెంటనే తిరుగు ప్రయాణం. గడువు ముగియకముందే లండన్ స్టాండులో పెట్టేశారు. ఇదంతా సరదా పందెం కాదు. తొక్కినాయన తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. అవసాన దశలో ఉన్న రోగులను చూసుకునే ఒక కేంద్రం కోసం వాళ్లు ఆ 24 గంటలు పరుగెత్తారు.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జెఫ్ థామస్ కథ దీనికి పూర్తిగా వేరు. 1990 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్ జట్టుకు కెప్టెన్. ఆట మానేశాక 2003లో రక్త క్యాన్సర్ బయటపడింది. సోదరి మూలకణాలతో మార్పిడి జరిగి కోలుకున్నాడు. ఒళ్లు ఇంకా పూర్తిగా కుదుటపడకముందే, 2005లో నలుగురు స్నేహితులతో కలిసి ఆ ఏడాది టూర్ డి ఫ్రాన్స్ దారినంతా, 21 దశలూ, తొక్కేశాడు. సుమారు 3,500 కిలోమీటర్లు. అది ప్రొఫెషనల్స్‌నే పిండేసే పోటీ. ఆ తర్వాత కూడా కొత్త కొత్త జట్లను కూడగట్టి, పోటీకి కొన్ని రోజుల ముందు అదే దారిలో మళ్లీ మళ్లీ వెళ్లాడు. ఆ డబ్బు లుకేమియా చికిత్స పరిశోధనకు వెళ్తోంది.

ఎర్ర బట్టల రోజు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్‌ఏంజెలిస్‌కు 545 మైళ్లు, ఏడు రోజులు. కాలిఫోర్నియాలో ఎయిడ్స్ రోగుల కోసం 1994లో మొదలైన యాత్ర ఇది. మొదట్లో ఒక ప్రైవేటు సంస్థ నడిపేది. ఖర్చులు ఎక్కువవుతున్నాయన్న అసంతృప్తితో, విరాళం అందుకునే సంస్థలే 2002లో ఎయిడ్స్ లైఫ్‌సైకిల్ పేరుతో సొంతంగా నడపడం మొదలుపెట్టాయి. అందులో ఒక రోజు ఆడా మగా తేడా లేకుండా అందరూ ఎర్ర బట్టలు వేసుకునేవాళ్లు. కొండదారి మలుపుల్లో వేలమంది బారులు తీరితే, పైనుంచి చూసేవాళ్లకు నేల మీద పొడవాటి ఎర్ర రిబ్బను పరిచినట్టే ఉండేది. ఎయిడ్స్ పోరాటానికి గుర్తు ఆ రిబ్బనే. 30 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసిన ఈ యాత్ర 2025 జూన్‌తో ముగిసింది. ఖర్చులు పెరిగి, పాల్గొనేవాళ్లు తగ్గడంతో ఇక చాలన్నారు. ఎంత గొప్పగా నడిచినవాటికైనా ఈ లెక్క తప్పదు.

ఇద్దరు ఒకే సైకిలు మీద భూమిని చుట్టిరావడం మరో రకం రికార్డు. బ్రిటన్ మహిళలు క్యాథరీన్ డిక్సన్, రేచెల్ మార్స్‌డెన్ 2019 జూన్ చివర్లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇద్దరు తొక్కే టాండమ్ సైకిలు మీద బయల్దేరారు. ఇద్దరికీ యాభై దాటాయి. మోటార్ న్యూరాన్ వ్యాధి బాధితుల సంస్థకు, ఆక్స్‌ఫామ్‌కు విరాళాలు సేకరించారు. 263 రోజుల 8 గంటల 7 నిమిషాల్లో, 2020 మార్చి 18న తిరిగొచ్చారు. అంతకుముందు ఇద్దరు మగవాళ్ల పేరిట ఉన్న రికార్డు 281 రోజులు. కరోనాతో యూరప్ దేశాలు ఒక్కొక్కటిగా తలుపులు మూస్తున్న రోజుల్లో వాళ్ల ఆఖరి మజిలీ సాగింది. ఇంకో వారం ఆలస్యమైతే రికార్డు సంగతి దేవుడెరుగు, ఇల్లు చేరడమే గగనమయ్యేది.

మన నేల మీద

దూరంలో మనవాళ్లకు వందేళ్ల చరిత్ర ఉంది. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచయాత్రకు సైకిళ్లెక్కారు. దారిలో ముగ్గురు విరమించుకున్నారు. ఆది హకీమ్, జల్ బాపసోలా, రుస్తుం భుంగారా మాత్రం 71,000 కిలోమీటర్లు తొక్కి 1928 మార్చిలో బొంబాయి చేరారు. గేర్లు లేవు, జీపీఎస్ లేదు, ఎడారుల్లో రోడ్లే లేవు. అది విరాళాల యాత్ర కాకపోయినా, ఇలాంటి జాబితాలో వాళ్ల పేర్లు లేకపోవడం న్యాయం కాదు.

2015లో నాసిక్ డాక్టర్లు మహేంద్ర, హితేంద్ర మహాజన్ సోదరులు అమెరికాను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటే రామ్ పోటీని జట్టుగా పూర్తిచేసిన తొలి భారతీయులయ్యారు. 4,800 కిలోమీటర్లు, గడువు తొమ్మిది రోజులు. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు బండిలో కునుకు తీయాలి. గిరిజనులకు కంటి వైద్యం అందాలన్నది వాళ్ల పిలుపు.

మనాలి నుంచి ఖర్దుంగ్లా దారిలో ఇంకో తీరు స్నేహం కనిపిస్తుంది. ఆ కనుమ దగ్గరి పాత బోర్డు 18,380 అడుగులనేది, సరిగా కొలిస్తే 17,600 అడుగుల లోపే. ఆ ఎత్తులో ఊపిరి తీసుకోవడమే కష్టం. గ్లాకోమా వల్ల 19 ఏళ్లకే చూపు కోల్పోయిన పుణె వాసి దివ్యాంశు గణాత్రా టాండమ్ సైకిలు మీద ఆ దారి తొక్కాడు. ఆయన సంస్థ చూపున్నవాళ్లను, లేనివాళ్లను జంటలుగా కలిపి తీసుకెళ్తుంది. ముందు సీట్లో ఉన్నవాడు దారి చూసుకుంటాడు, మలుపు ఎటో, గేరు ఎప్పుడు మారుతుందో చెబుతుంటాడు. వెనకున్నవాడు దానికి తగ్గట్టు బలం పెంచుతాడు, తగ్గిస్తాడు. పెడళ్లు రెండూ ఒకే గొలుసుకు కట్టినవి కాబట్టి ఒకరు ఆపితే ఇద్దరూ ఆగినట్టే.

హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతాను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోయింది. సైకిలు నేర్చుకుని, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు తెచ్చాడు. తర్వాత తన పేరుతో ఫౌండేషన్ పెట్టి, విధి నిర్వహణలో కాళ్లూ చేతులూ కోల్పోయిన భద్రతా దళాల జవాన్లకు, మామూలు కుటుంబాల వికలాంగులకు క్రీడా శిక్షణ ఇప్పిస్తున్నాడు. ఆ ఖర్చులకు, జనంలో అవగాహనకు నడిపేది ఇన్ఫినిటీ రైడ్. 2020 నవంబరులో శ్రీనగర్ నుంచి దాదాపు 30 మంది పారా సైక్లిస్టులు బయల్దేరి, 3,800 కిలోమీటర్లకు పైగా తొక్కి ఏడాది చివరికి కన్యాకుమారి చేరారు. ఒంటికాలితో పెడల్‌ను కిందికి తొక్కడం మాత్రమే సరిపోదు, దాన్నే మళ్లీ పైకి లాగాలి. అందుకే ఆ పాదాన్ని పెడల్‌కు బిగించుకుంటారు. మనం రెండు కాళ్లతో పంచుకునే పనిని ఒక్క కాలు కాశ్మీరు నుంచి చేసుకుంటూ వచ్చింది.

సైకిళ్లతో వచ్చిన విరాళం మళ్లీ సైకిళ్లుగా మారే చోట్లు కూడా ఉన్నాయి. 2004 డిసెంబరు సునామీ తర్వాత శ్రీలంకలో సైకిళ్లు పంచుతూ మొదలైన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ సంస్థ, ఆఫ్రికా పల్లెల కోసం బఫెలో అనే దిట్టమైన సైకిలు తయారుచేయించింది. దాని క్యారియర్ మీద 100 కిలోలు మోయొచ్చు. ఎన్నో సైకిలు బృందాలు ఈ సంస్థ కోసం తొక్కుతాయి. జాంబియాలో బడి దూరమైన ఆడపిల్లలకు ఆ సైకిళ్లిచ్చి పరిశీలిస్తే, ప్రయాణ సమయం మూడో వంతు తగ్గింది, గైర్హాజరు నాలుగో వంతుకు పైగా తగ్గింది. మన దేశంలో బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిస్తే హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చినదీ ఇదే ఆలోచనతోనే.