అడవి చదువు

మన విద్యార్థులకు అడవి యన్నంతనే స్ఫురించు ఉద్యోగములు రెండే: ఫారెస్టు గార్డు, రేంజరు. తల్లిదండ్రులలో కొంచెము దూరము చూచువారు ఐ.ఎఫ్.ఎస్. పరీక్ష పేరు చెప్పుదురు. ఆ పరీక్షకు కూర్చుండుటకు విజ్ఞానశాస్త్రముగాని, వ్యవసాయముగాని, ఇంజనీరింగుగాని చదివి పట్టము పొందియుండవలెను. కావున చరిత్రయు, రాజనీతియు, అర్థశాస్త్రమును ఇష్టపడు పిల్లలు తమకు అడవితో పని లేదని ఊరకుందురు. ఈ వ్యాసము అట్టి పిల్లల కొఱకును, వారి తల్లిదండ్రుల కొఱకును వ్రాయుచున్నాము.

అడవిని కేవలము చెట్ల సమూహముగా గాక, మనుష్యుల హక్కులును, చట్టములును, కలహములును, బ్రతుకు తెరువును పెనవేసికొన్న స్థలముగా పరిశీలించు విద్య యొకటి కలదు. దానికి ప్రత్యేకముగా ఒక శాఖ యుండుట అరుదు. చరిత్ర, మానవశాస్త్రము, సమాజశాస్త్రము, రాజనీతి, అర్థశాస్త్రము, భూగోళము అను శాఖలన్నిటియందును అది చెదరి యున్నది. ఆ విద్యకు మన గంజాముకన్న మంచి పాఠ్యగ్రంథము దొరకుట కష్టమని మా అభిప్రాయము.

భేదము తెలియుటకు ఘుమసర అడవిని దృష్టాంతముగా గొందము. భంజనగరము చుట్టును వ్యాపించిన ఈ అడవి సాలవృక్షములకు పేరు వడినది. ఆ ఊరినే దొరలు రసెల్‌కొండ యని పిలిచిరి. అటవీశాస్త్రజ్ఞుడు అక్కడికి పోయి సాల మొలకలు ఏల ఎదుగుటలేదని వెదకును. నేలను, వానను, కార్చిచ్చును, పశువుల మేతను లెక్కించును. సామాజిక పరిశోధకుడు అదే చెట్టు క్రింద కూర్చుండి వేఱు ప్రశ్నలు వేయును. ఇచ్చట రిజర్వు హద్దు ఎవరు వేసిరి? ఏ సంవత్సరమున? ఆ హద్దు లోపల అంతకు మునుపు ఎవరి పోడు ఉండెను? కట్టెలకు పోయిన స్త్రీ ఎవరిని చూచి దాగవలసి వచ్చెను? తునికాకు కట్టకు వెల నిర్ణయించునది ఎవరు? ఒడిశాలో కెందుపత్రమని పిలుచు ఈ ఆకు వ్యాపారమును 1973లో ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొనినది. అంతకు ముందు షావుకారు, ఆ పిమ్మట సర్కారు. ఏరెడి చేతులు మాత్రము అవియే. ఈ మార్పు వలన ఆ చేతులకు ఏమి చేరినదని లెక్క తేల్చుట అర్థశాస్త్ర పరిశోధకునికి ఒక సంపూర్ణమైన పని.

ఇక చట్టముల కథ. ఇది గంజామునందు మిక్కిలి చిక్కుగా నున్నది. అందుచేతనే మిక్కిలి రుచిగా కూడ నున్నది. గంజాము 1936 ఏప్రిల్ 1వ తేదీ వఱకు మద్రాసు రాజధానిలోని జిల్లా. 1835 మొదలు 1837 వఱకు జరిగిన ఘుమసర యుద్ధముల పిదప, 1839లో 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండభాగములను సాధారణ న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి, కలెక్టరునకే ఏజెంటు అను హోదా నిచ్చిరి. మన పెద్దలు కొండప్రాంతమును ఏజెన్సీ యని నేటికిని పిలుచుట అందుండి వచ్చినదే. 1878లో భారత ప్రభుత్వము అరణ్య చట్టము చేసినపుడు మద్రాసువారు దానిని స్వీకరింపలేదు. అడవులలో గ్రామస్థులకు పూర్వమునుండి హక్కులు కలవనియు, అవి యన్నియు సర్కారు సొత్తని చెప్పుట చెల్లదనియు మద్రాసు రెవిన్యూ బోర్డు వాదించినది. భారతదేశమునకు మొదటి అరణ్య ఇన్‌స్పెక్టరు జనరలుగా పనిచేసిన జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిచ్ బ్రాండిస్ మద్రాసునకు వచ్చి పరిశీలించిన మీదట 1882లో మద్రాసు అరణ్య చట్టము పుట్టినది. వాదమునందున్న ఔదార్యము చట్టమునందు చాలవఱకు కనబడదు.

విచిత్రమేమనగా, గంజాము మద్రాసును విడిచినను మద్రాసు చట్టము గంజామును విడువలేదు. కటకము, పూరీ వైపు అడవులకు 1927 నాటి భారత అరణ్య చట్టము. గంజాము, కోరాపుట్టు అడవులకు 1882 నాటి మద్రాసు చట్టము. ఒక్క రాష్ట్రమున రెండు ధర్మములు ముప్పదియాఱేండ్లు నడచినవి. 1972లో ఒరిస్సా అరణ్య చట్టము వచ్చిన తరువాతనే అవి ఒకటైనవి.

ఇది యంతయు పాత కథ, నేడు దీనితో నేమి ప్రయోజనమని అడుగువారికి ఒక చిన్న లెక్క చూపుదుము. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టము చేసినది. దాని ప్రకారము షెడ్యూల్డు తెగలవారు 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అడవి భూమిపై ఆధారపడి యున్నచో హక్కు కోరవచ్చును. ఆ తెగలకు చెందనివారు, అనగా కొండ ఊళ్లలో తరతరములుగా నున్న కుమ్మరి, కమ్మరి, నేతపనివాడు మొదలగువారు, ఆ తేదీకి పూర్వము మూడు తరములు అచ్చట నుండిరని చూపవలెను. తరమునకు 25 సంవత్సరముల చొప్పున మూడు తరములకు 75 సంవత్సరములు. విద్యార్థులారా, 2005 నుండి 75 తీసివేయుడు. 1930 వచ్చును. నాడు గంజాము ఎచ్చట నున్నది? మద్రాసు రాజధానిలో. కావున నేటి యొక కుటుంబముయొక్క హక్కు నాటి మద్రాసు కాగితముపై ఆధారపడవచ్చును. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్మెంటు నివేదికలు, పటములు, పెద్దలు చెప్పగా వ్రాసికొనిన వాంగ్మూలములు సాక్ష్యములుగా చెల్లునని ఆ చట్టపు నియమములే చెప్పుచున్నవి. అయితే కాగితము ఎచ్చట నున్నదో తెలిసినవాడు కావలెను. ముసలివాని మాట అర్థము చేసికొని తప్పు లేక వ్రాయగలవాడు కావలెను.

ఆ నాటి దస్తావేజులను వెదకువాడు చెన్నపట్టణములో ఎగ్మూరునందున్న తమిళనాడు ప్రాచీన పత్రాలయమునకును, భువనేశ్వరములోని ఒడిశా రాష్ట్ర పత్రాలయమునకును తిరుగవలెను. పై అధికారుల ఉత్తరములు ఇంగ్లీషున నుండును. పాత గంజాము కచ్చేరీలలో తెలుగు గుమాస్తాలు పెక్కండ్రు పనిచేసిరి. నేటి గ్రామసభ ఒడియాలో జరుగును. కొండ మీద మాట సవర గాని, కుయి గాని. ఇన్ని భాషల నడుమ బరంపురపు తెలుగు బిడ్డ పుట్టుకతోనే నిలిచియున్నాడు: ఇంట తెలుగు, వీథిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఢిల్లీనుండి వచ్చు పరిశోధకుడు సంవత్సరములు కష్టపడి నేర్చుకొను దానిలో సగము మన బిడ్డకు సంతలోనే అబ్బియున్నది. తెలుగు మాధ్యమమున చదివితిమని తల వంచుకొను పిల్లలు ఈ సంగతి గమనింపవలెను.

ఇందుకు మార్గదర్శకుడు మనవాడే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. ఆ ఊరు నాడు గంజాము జిల్లాలోనిది. నేడు 1992లో ఏర్పడిన గజపతి జిల్లాకు ముఖ్యస్థలము. వారు సవరలను ఇంటికి పిలిచి, వారి పలుకు నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి లేదు, పరిశోధన వేతనము లేదు. బడిపంతులు జీతముతో ఆ పని మొదలుపెట్టిరి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినపుడు రాజమహేంద్రవరమునకు తరలిపోయి, 1940లో స్వర్గస్థులైరి. (వాడుక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుడు ఈ వ్యాసపు గ్రాంథికమును చూచినచో మమ్ము గట్టిగా మందలించి యుండును. అది వేఱు సంగతి.)

వారి తరువాత వచ్చినవారు ఎక్కువగా దూరదేశీయులు. గంజాము, కోరాపుట్టు సవరలను గూర్చి వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథము ప్రచురించెను. కొంధమాళు వైపు బిసిపడా గ్రామమును ఎఫ్. జి. బెయిలీ పరిశీలించి 1957లోను, 1960లోను పుస్తకములు వ్రాసెను. పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నాటినుండి సవర గ్రామములకు వచ్చిపోవుచు, 1993లోను, 2017లోను తన గ్రంథములను వెలువరించెను. గొప్ప పనులే. కాని పొరుగున నున్న మన పిల్లల పేర్లు ఆ వరుసలో కానరాకుండుట మాకు కొంచెము బాధ కలిగించును.

తెలుగునాట పరిస్థితి కొంత మెఱుగు. పలనాటిలో పుల్లరి పన్నునకు ఎదురు నిలిచి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణము లర్పించిన కథ మన పిల్లలకు తెలిసినదే. అదే సంవత్సరము అల్లూరి సీతారామరాజు కొండలలో తిరుగుబాటు ప్రారంభించెను. ఆ తిరుగుబాటునకు కారణములలో పోడుపై అరణ్య శాఖ పెట్టిన ఆంక్షలు ముఖ్యమైనవి. గూడెం–రంప తిరుగుబాట్లన్నిటిని కలిపి చూచి డేవిడ్ ఆర్నాల్డు 1982లో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. ఆంధ్రదేశపు అడవుల చరిత్రపై అట్లూరి మురళిగారి వ్యాసము 1995లో వచ్చినది. చెట్లు ఎవరివి యను ప్రశ్నయే దాని శీర్షిక. బస్తరుపై నందినీ సుందర్ గ్రంథము 1997లోను, హిమాలయపు అడవి ఉద్యమములపై రామచంద్ర గుహ గ్రంథము 1989లోను వెలువడినవి. ఊరివారు తమ ఉమ్మడి సంపదను తామే నియమములు పెట్టుకొని కాపాడుకొనగలరని చూపిన అమెరికా విదుషీమణి ఎలినార్ ఆస్ట్రమ్‌నకు 2009లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. ఆ బహుమానము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

రాజనీతి విద్యార్థులకు నియమగిరి చాలును. 2013 ఏప్రిల్ 18న సుప్రీము కోర్టు బాక్సైటు గని విషయమున గ్రామసభలు చర్చించి చెప్పవలెనని తీర్పు నిచ్చినది. రాయగడ, కలాహండి జిల్లాలలోని పండ్రెండు సభలును కూడదనినవి. రాయగడ మన తెలుగువారికి కొత్త ఊరు కాదు.

ఈ విద్యకు పోవు దారి చెప్పెదము. మొదట చరిత్రయో, రాజనీతియో, అర్థశాస్త్రమో ప్రధానముగా బి.ఏ., పిమ్మట ఎం.ఏ. ఈ మూడును 1967లో స్థాపింపబడిన మన బరంపురం విశ్వవిద్యాలయముననే కలవు. మానవశాస్త్రము కోరువారు ఉత్కళ విశ్వవిద్యాలయమునకో, విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకో, కోరాపుట్టులో 2009లో వెలసిన కేంద్ర విశ్వవిద్యాలయమునకో పోవలెను. తరువాత నెట్ పరీక్ష. అందు జె.ఆర్.ఎఫ్. పొందినవారికి 2023 జనవరి మొదలు నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల పిదప 42,000 రూపాయలు వేతనముగా నిర్ణయించిరి. పిహెచ్.డి.కి మూడేండ్లకు తక్కువ పట్టదు. అడవి పరిశోధనకు ఐదాఱేండ్లు పట్టుట సాధారణము. కేంద్ర విశ్వవిద్యాలయమున అసిస్టెంటు ప్రొఫెసరు మూలవేతనము ఏడవ వేతన సంఘము ప్రకారము 57,700 రూపాయలతో ప్రారంభమగును. కళాశాలలు గాక, భువనేశ్వరములో 1952 నుండి పనిచేయుచున్న గిరిజన పరిశోధన సంస్థ వంటివియు కలవు.

తల్లిదండ్రులకు నిజము చెప్పవలెను. ఖాళీలు తక్కువ. పట్టము పొందిన పిదప కొన్ని యేండ్లు తాత్కాలిక ఉపన్యాసకుడుగా స్వల్ప వేతనమునకు పనిచేయవలసి రావచ్చును. ఇంటికి వెంటనే సంపాదన కావలసిన పిల్లవానిని ఈ దారికి త్రోయుడని మేము చెప్పము. ఆడపిల్లలను అడవికి పంపుట ఎట్లని కొందఱు తల్లులు అడుగుదురు. అడ్డాకులు కుట్టునదియు, ఇప్పపువ్వు ఏరునదియు స్త్రీలే. వారి కష్టము మగ పరిశోధకునితో చెప్పుకొనరు. కావున ఈ రంగమున ఆడపిల్లల అవసరమే ఎక్కువ.

మఱియొక మాట. కొండకు పోవు తెలుగువాడు తన పూర్వులు అక్కడికి ఏ పనిమీద పోయిరో తెలిసికొని పోవలెను. గుమాస్తాలు, వడ్డీ వ్యాపారులు, చింతపండు తక్కువ వెలకు కొనిన షావుకార్లు అందు కలరు. తెలుగువారును కలరు, ఒడియావారును కలరు. కొండవారు మనలను చూచి మొదట మాటాడకుండినచో దానికి కారణము చరిత్రలో నున్నది. ఆ కారణమును వెదకుట కూడ ఈ విద్యలోని భాగమే.

ఇప్పటికి తొమ్మిదవ, పదవ తరగతుల పిల్లలు చేయదగిన పని చిన్నది. దిగపహండి, తప్తపాణి, మోహన మార్గమున బంధువులున్నవారు సెలవులలో సంతకు పోయి, అడవినుండి వచ్చిన సరకులేవో చూడుడు. ఒక్కొక్క దానిని తెలుగున నేమందురు, ఒడియాలో నేమందురు, అమ్మువారి భాషలో నేమందురు, ఎవరు తెచ్చిరి, ఎంత దూరము నడచిరి, వెల ఎంత పలికినది — ఇవి తేదీతో సహా నోటుపుస్తకమున వ్రాయుడు. పుస్తకమును సెలవులు ముగిసిన మొదటి వారమున మాకు చూపవలెను. బాగున్నవానిని వచ్చు సంచికలో అచ్చు వేయింతుము.