గిరణ్‌గావ్: నూలు మిల్లుల పేటకు కొత్త రూపు

ముంబయిలో బైకుల్లా, లాల్‌బాగ్, పరేల్, వర్లీల మధ్య విస్తరించిన ప్రాంతాన్ని పాతతరం వారు నేటికీ గిరణ్‌గావ్ అని పిలుస్తారు. మరాఠీలో ‘గిరణీ’ అంటే మిల్లు, ‘గావ్’ అంటే ఊరు. 1854లో కావస్‌జీ దావర్ తాడ్‌దేవ్‌లో తొలి నూలు మిల్లుకు పునాది వేశారు. రేవు చేరువలో ఉండడం, సముద్రపు గాలిలోని తేమ వల్ల నూలు పోగులు తరచుగా తెగకపోవడం ఈ పరిశ్రమకు కలిసివచ్చాయి. కొంకణ తీరపు రైతుబిడ్డలతో పాటు తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలీలు కూడా ఈ మిల్లులలో పనిచేశారు. చేతిమగ్గం మీద నేర్చిన విద్య వారికి ఇక్కడ అక్కరకు వచ్చింది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండు లక్షలకు పైగా కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తరువాత అనేక మిల్లులు క్రమంగా మూతపడ్డాయి.

నేడు లోయర్ పరేల్‌లోని పాత మిల్లు ఆవరణలలో స్టూడియోలు, ప్రకటనల సంస్థలు, భోజనశాలలు వెలిశాయి. ఇందుకు కట్టడాల తీరే ఒక కారణం. నేత శాలలకు రంపపు పళ్ల వంటి కప్పు వేసి, ఉత్తరం వైపు అద్దాలు అమర్చేవారు. ఎండ నేరుగా పడకుండా రోజంతా సమానమైన వెలుతురు లోపలికి వచ్చేది. తెగిన పోగును నేతగానికి చూపిన ఆ వెలుతురే నేడు చిత్రకారునికి ఉపకరిస్తున్నది. ఫీనిక్స్ మిల్లు స్థలంలో వెలసిన దుకాణ సముదాయం నడుమ నాటి పొగగొట్టం ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ మార్పులో కార్మికుల వాటా ఎంత? మిల్లు భూమిలో ఇంచుమించు మూడో వంతు బహిరంగ స్థలాలకు, మూడో వంతు ప్రజాగృహాలకు, మిగిలినది యజమానులకు చెందాలని 1991 నాటి నగరాభివృద్ధి నియమం నిర్దేశించింది. 2001లో చేసిన సవరణ ఈ పంపకాన్ని కట్టడాలు లేని ఖాళీ స్థలానికే పరిమితం చేసింది. దానితో నగరానికి, గృహాలకు దక్కవలసిన భూమి బాగా తగ్గిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది.

అయినప్పటికీ మిల్లు కార్మికులకు, వారి వారసులకు మ్హాడా లాటరీ పద్ధతిలో ఇళ్లను కేటాయిస్తూ వచ్చింది. 1982 జనవరి 1 నాటికి గాని, ఆ తరువాత గాని మిల్లులో పనిచేసి ఉండడం ఇందుకు ముఖ్యమైన అర్హత. కనుక తాత తండ్రుల గుర్తింపు కార్డులు, ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ పత్రాలు ఇంట్లో ఉన్నవారు వాటిని పాత కాగితాలుగా భావించి పారవేయక భద్రపరచుకోవడం అవసరం.