కూయు ఇంజను: కారణాన్వేషణము

సరకులు మోయు పికప్పు బండిలో పుట్టు శబ్దము లన్నియు ఒక్క జాతివి కావు. సిలిండర్లలో ఇంధనము మండుటవలన గలుగు దడదడ యొకటి. వదులైన రేకులును తొట్టి తలుపులును చేయు గలగల యొకటి. గతుకుల దారిలో కమానుకట్టలు పలుకు కిర్రుమను మోత మరియొకటి. చిరకాల సహవాసముచే బండి నడుపువాడు వీనిని వినియు విననట్లే యుండును. కాని, నిన్నటివరకు లేని సన్నని కూత యొకటి నేడు పుట్టి, యాక్సిలరేటరు త్రొక్కినకొలది పైకెక్కుచు, వదలినకొలది దిగుచు, మదనపల్లె మార్కెట్టులో టమాటా పెట్టెలు ఎక్కించుకొన్నది మొదలు చెన్నపట్టణము చేరునంతవరకు చెవిని వదలక వెంటాడినచో, ఆతని మనస్సు దారిమీద నిలువదు. ఏ క్షణమున ఏమి విరుగునో యను శంక దానికి తోడగును.

అట్టి బండి షెడ్డుకు చేరినప్పుడు తరచుగా జరుగు చికిత్స ఊహాప్రధానమైనది. మొదట బెల్టు మార్చబడును, కూత పోదు. పిమ్మట డైనమో విప్పి బేరింగులు మార్చబడును, కూత పోదు. కడపట వాటరు పంపు వంతు వచ్చును. ఇంతలో యజమానుని సొమ్ము వ్యయమగును, శబ్దము మాత్రము యథాస్థానమున నుండును. రోగనిర్ణయమునకు ముందే ఔషధ మారంభించుటయే ఈ దురవస్థకు మూలము. ఒకమారునకు ఒక్క పరిస్థితిని మాత్రమే మార్చి, దానికి శబ్ద మెట్లు స్పందించుచున్నదో శ్రద్ధతో గమనించినచో, పానా చేత బట్టకముందే పది అనుమానములు రెండు మూడింటికి దిగివచ్చును. అందులకు ముందుగా ఈ కూత యొక్క స్వభావమును గ్రహింపవలసియున్నది.

ధ్వని సన్ననిదగుటయు బొంగురుదగుటయు సెకండునకు గలుగు కంపనముల సంఖ్యను బట్టి యుండును. 1681లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ లండను నగరమందలి రాయల్ సొసైటీలో పండ్లచక్రములను త్రిప్పి స్వరములు పుట్టించి చూపెను. సుమారు నూటయేబది సంవత్సరముల పిమ్మట ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫెలిక్సు సవారు అట్టి చక్రమునే మెరుగుపరచి, తిరుగుచున్న పండ్లకు ఒక రేకు నానించి, పుట్టిన స్వరముల కంపనములను లెక్కించెను. చక్రపు పండ్ల సంఖ్యను సెకండునకు అది తిరుగు చుట్ల సంఖ్యచే గుణింపగా వచ్చు ఫలమే ఆ స్వరము యొక్క కంపనసంఖ్య. బండిలోని కూతకు సైతము ఈ చిన్న గుణకారమే మూలసూత్రము.

ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు తిరుగుచున్న దనుకొందము. అనగా క్రాంకు షాఫ్టు సెకండునకు 25 చుట్లు తిరుగును. నాలుగు సిలిండర్లు గల ఫోర్‌స్ట్రోకు ఇంజనులో చుట్టునకు రెండుమార్లు ఇంధనము మండును గనుక ఆ మోత సెకండునకు 50 కంపనములు గలది. ఇవి రెండును మంద్రస్థాయికి చెందినవి. మన చెవి 20 కంపనములకు దిగువనున్నదానిని ధ్వనిగా గ్రహింపనే జాలదు. కావున వందలకొలది, వేలకొలది కంపనములతో సన్నగా కూయుచున్నది క్రాంకు షాఫ్టు తానే యనుటకు వీలులేదు. ఒక్క చుట్టులో పలుమార్లు పునరావృత్తమగు క్రియ యేదియో, గేరు పండ్లు గాని, పంపు రెక్కలు గాని, బేరింగు గుండ్లు గాని, డైనమో లోని అయస్కాంత ధ్రువములు గాని, ఆ సంఖ్యను హెచ్చవేయుచుండవలెను.

ఆ కూత యింత దుస్సహముగా నుండుటకు మన శరీరనిర్మాణము కూడ కొంత కారణము. మానవుని కర్ణనాళము రమారమి 2.5 సెంటీమీటర్ల పొడవు గలిగి, లోపలి కొన కర్ణభేరిచే మూయబడియున్నది. అట్టి గొట్టము 3,000 మొదలు 3,500 కంపనముల ప్రాంతమున అనునాదము చెందును. ఆ స్థాయిలో వచ్చు అత్యల్పమైన ధ్వనియు, దానికంటె అనేక రెట్లు బలమైన ఇంజను గర్జనను చీల్చుకొని మన చెవిని తాకును. కూత తీవ్రముగా వినబడినంత మాత్రమున లోపము తీవ్రమైనదని భ్రమింపరాదు.

ఇక పరీక్షలోని మొదటి ప్రశ్న: కూత ఇంజనును అనుసరించుచున్నదా, చక్రములను అనుసరించుచున్నదా? బండిని సమతలమున నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, గేరును న్యూట్రలులో నుంచి, ఇంజనుకు మెల్లగా రేసు ఇచ్చి చూడవలెను. నిలిచిన బండిలోనే కూత పుట్టి, రేసుతోబాటు ఎక్కి దిగుచున్నచో దోషము ఇంజనుకును దాని పరివారమునకును సంబంధించినది. నిలిచియున్నంతసేపు మౌనముగా నుండి, బండి సాగినపిమ్మటనే పుట్టి, గేరు మార్చినను మారక బండి వేగముతోనే ఎక్కి దిగుచున్నచో, ఇంజనును విప్పుట వృథాప్రయాస. వెనుక ఇరుసు గేర్లుండు హౌసింగును, చక్రముల బేరింగులను, టైర్లను శంకింపవలెను.

నిలిచిన బండిలోనే కూత వినవచ్చినదనుకొందము. క్రాంకు పుల్లీనుండి బయలుదేరు బెల్టు డైనమోను, పెక్కు ఇంజనులలో వాటరు పంపును, అమర్చిన బండ్లలో స్టీరింగు పంపును, ఏసీ కంప్రెసరును త్రిప్పుచుండును. బెల్టును బిగువుగా పట్టియుంచు టెన్షనరు పుల్లీయు దానితోనే తిరుగును. వీనిలో ప్రతిదానికిని బేరింగు గలదు. ప్రతి బేరింగును ఒకనాటికి అరుగును. ఐనను వీనిని విడివిడిగా పలికించు ఉపాయములు గలవు. ఏసీ మీట నొక్కినతోడనే శబ్దము మారినచో కంప్రెసరును, స్టీరింగు త్రిప్పినప్పుడు కూత పెరిగినచో దాని పంపును, హెడ్‌లైట్లును బ్లోయరును ఒక్కసారి వేసినప్పుడు పెరిగినచో డైనమోను అనుమానింపవలెను.

మెకానిక్కులు డైనమో అని వ్యవహరించు ఆల్టర్నేటరు విషయము ప్రత్యేకముగా విచారింపదగినది. దాని పుల్లీ చిన్నది గనుక అది క్రాంకు షాఫ్టు కంటె రమారమి మూడురెట్లు వేగముగా, పై లెక్క ప్రకారము సెకండునకు 75 చుట్లు, తిరుగును. దాని స్టేటరులో రాగితీగను చుట్టుటకు 36 గాడులుండుట సర్వసాధారణము. తిరుగు ధ్రువములకును ఈ గాడులకును నడుమ అయస్కాంతాకర్షణ ప్రతి చుట్టునను 36 మార్లు హెచ్చుతగ్గు లగుటచే ఆ ఇనుపచట్రము సెకండునకు 2,700 సారులు కంపించును. ఈ సంఖ్య కర్ణనాళము మిక్కిలి చురుకుగా నుండు తావునకు సమీపమున నున్నది. విద్యుద్భారము పెరిగినకొలది ఆకర్షణయు పెరుగును గావున లైట్లు వేసినప్పుడు కూత హెచ్చును. లోపలి డయోడులలో ఒకటి చెడినచో ఈ ధ్వని మరింత వికృతమగును. లైట్లతో నిమిత్తము లేక ఒకేరీతిగ గరగర కలిసిన కూత వచ్చుచున్నచో, అది విద్యుత్తుయొక్క పని కాదు; బేరింగు అరిగినదని యెంచవలెను.

స్టీరింగు పంపు కూతకు మరియొక కారణము గలదు. తొట్టిలో ఆయిలు తగ్గినను, పీల్చు గొట్టపు క్లిప్పు వదులై గాలి చొరబడినను, పంపు రెక్కల యెదుట బుడగలు పుట్టి, పీడన మెక్కువైన చోటికి చేరగానే కూలిపోవును. ఓడల ప్రొపెల్లరులను తినివేయుచుండిన ఇట్టి బుడగల బలమును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు 1917లో గణించి, అవి కూలునప్పుడు అత్యధిక పీడనము పుట్టునని నిరూపించెను. పంపు మూలుగు ఆ పతనముల సమష్టి ధ్వనియే. తొట్టి మూత తీసి చూచినప్పుడు ఆయిలు నురుగెత్తి పాలవలె నున్నచో, పంపును మార్చుటకు ముందు గొట్టమును బిగించి ఆయిలు నింపి చూచుట యుక్తము.

ఇంతటితోను సందేహము తీరనప్పుడు, ఇంజను ఆపి బెల్టును తప్పించి, కొలది సెకండ్లు మాత్రము ఇంజను నడిపి చూచుట నిర్ణాయకమైన పరీక్ష. కూత మాయమైనచో దోషము బెల్టు త్రిప్పు వానిలోనే యున్నది. అప్పుడు ఒక్కొక్క పుల్లీని చేతితో త్రిప్పి, గరుకునో కదలికనో పసిగట్టవచ్చును. కాని ఆ స్థితిలో బండిని తోలరాదు. వాటరు పంపు నిలిచినచో ఇంజను వేడెక్కుటయే గాక, పెక్కు డీజిలు బండ్లలో బ్రేకులకు సాయపడు వాక్యూము పంపు డైనమో వెనుకనే బిగింపబడియుండును గనుక బ్రేకు పెడలు బరువెక్కును.

బెల్టు తీయకయే జాడ పట్టుటకు మేస్త్రీలు పొడవైన స్క్రూడ్రైవరు నుపయోగింతురు. 1816లో పారిసు వైద్యుడు లెనెక్ కాగితమును చుట్టచుట్టి రోగి రొమ్మున కానించి హృదయస్పందనమును విన్న స్టెతస్కోపు సూత్రమునకు ఇది సన్నిహితము. లోహమునుండి గాలిలోనికి ధ్వని ప్రవేశింపబోవునప్పుడు దానిలో అధికభాగము వెనుకకు మరలింపబడును. లోహపు కడ్డీ నొక కొన బేరింగు గూటికిని, రెండవ కొన చెవి దాపున ఎముకకును ఆనించినచో, కంపనములు గాలి నాశ్రయింపక నేరుగా చేరును. ఒక్కచోట విని తీర్పు చెప్పరాదు. ఇనుప దిమ్మ యంతటను ధ్వని వ్యాపించును గనుక నాలుగైదు తావులు పోల్చి, ఎక్కడ మిక్కుటముగా నున్నదో నిర్ణయింపవలెను. తిరుగు ఫ్యానునకును బెల్టునకును చేతిగుడ్డలు, తువాళ్లు, జుట్టు దూరముగా నుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

బెల్టు తప్పించినను పోని కూత గేరుబాక్సుదైనచో, దానిని క్లచ్చి పట్టియిచ్చును. న్యూట్రలులో ఇంజను నడచుచుండగా పెడలు త్రొక్కినతోడనే శబ్దము అణగినచో, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు అనుమానింపదగినది. త్రొక్కినప్పుడే పుట్టినచో రిలీజు బేరింగు. రివర్సులో మాత్రమే వచ్చు కూతకు కలతచెందనక్కరలేదు. ముందు గేర్ల పండ్లు ఏటవాలుగా కోయబడి, ఒకటి విడువకమునుపే వేరొకటి క్రమముగా కలియును. రివర్సు గేరు పండ్లు పెక్కు బండ్లలో నిటారుగా నుండుటచే, పంటి వెడల్పంతయు ఒక్కసారిగ తాకి, ప్రతి స్పర్శయు ఒక చిన్న దెబ్బయగును.

వెనుక హౌసింగులో క్రౌను చక్రమును పినియనును ఒరయుటవలన బుట్టు కూతకు సైతము సవారు లెక్కయే వర్తించును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున, చుట్టుకొలత 2.1 మీటర్లు గల చక్రము సెకండునకు సుమారు 8 చుట్లు తిరుగును. క్రౌనుకు 41 పండ్లున్నచో 328 కంపనములు. యాక్సిలరేటరు త్రొక్కి లాగించినప్పుడు పంటి యొక ముఖమును, వదలినప్పుడు రెండవ ముఖమును ఒత్తుకొనును గావున, ఈ రెండు దశలలో కూత భిన్నముగా నున్నచో దోషము హౌసింగునందని దాదాపు నిశ్చయింపవచ్చును. త్రొక్కినను వదలినను మారక, తారు రోడ్డు విడిచి సిమెంటు రోడ్డు ఎక్కగానే మారినచో, అది టైర్ల ధ్వని.

బెల్టు త్రిప్పు బేరింగు కూతను మాత్రము నెలల తరబడి ఉపేక్షింపరాదు. అది బిగుసుకొన్ననాడు బెల్టు తెగును, దానితో వాటరు పంపు నిలుచును, వేడికి సిలిండరు హెడ్డు వంగును. అల్పమైన ఖర్చుతో పోవలసినది ఇంజను బోరింగు పని వరకు ప్రాకును. ఐనను తొందరపాటు చికిత్సయు నష్టమే. కావున షెడ్డులో అడుగుపెట్టునప్పుడు “బండి కూయుచున్నది” అని మాత్రము చెప్పి ఊరకుండక, యజమానుడు తన పరీక్షాఫలితములను నివేదింపవలెను. నిలిచిన బండిలోనే వచ్చుచున్నది, లైట్లు వేసినప్పుడు హెచ్చుచున్నది, స్టీరింగుతో మారుట లేదు: ఈ మూడు వాక్యములు విన్న మేస్త్రీ స్టీరింగు పంపును గాని గేరుబాక్సును గాని ముట్టుకొనడు, స్క్రూడ్రైవరు తీసికొని తిన్నగా డైనమో వద్దకు పోవును.