ఏ కార్డు చెల్లును? ఏది చెల్లదు?

2023 క్రిస్మస్ పండుగకు అమెరికా నుండి మా బంధువుల కుటుంబము ఒకటి స్వగ్రామానికి వచ్చింది. పదమూడేళ్ల మనుమడి పెట్టెలో రంగురంగుల కార్డుల కట్టలు కనబడ్డాయి. వాటిమీద రాక్షసుల బొమ్మలు, కత్తి పట్టిన వీరుల బొమ్మలు. ఆట పేరు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అని తెలియగానే, ఎన్నో ఏళ్లు సంఘపెద్దగా ఉన్న తాతగారి ముఖము మారిపోయింది. "పేకాటా? పైగా మంత్రవిద్యా? పొయ్యిలో వేయండి" అన్నారు.

"తాతయ్యా, దీనికి రూల్స్ ఉన్నాయి. ఒక్కసారి విని, తర్వాత మీ ఇష్టం" అన్నాడు పిల్లవాడు. ఆ పూట మేమూ అక్కడే ఉన్నాము. విన్న సంగతులు మన కుటుంబాలకు ఉపయోగపడతాయని తలంచి ఇక్కడ వ్రాస్తున్నాము.

పేకాటకు, దీనికి తేడా

పేకాటలో అందరికీ అవే 52 ముక్కలు. ఈ ఆటలో అలా కాదు. ఇరవై వేలకు పైగా వేరువేరు కార్డులు ముద్రింపబడ్డాయి. ఎవరికి వారు కొని, ఏరుకొని, తమ కట్టను తామే కూర్చుకొని వస్తారు. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితశాస్త్రజ్ఞుడు దీన్ని కల్పించగా, 1993లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే అమెరికా కంపెనీ విడుదల చేసింది.

ఎవరి కట్ట వారిదైతే డబ్బున్నవాడే గెలుస్తాడు కదా? అందుకే పోటీలలో ఏ కార్డు చెల్లుతుందో, ఏది చెల్లదో చెప్పే నియమాలు వచ్చాయి. సాధారణంగా కట్టలో కనీసము 60 కార్డులుండాలి. ఒకే పేరుగల కార్డు నాలుగుకు మించరాదు. మూలభూములనే కార్డులకు మాత్రము ఆ లెక్క లేదు. పిల్లలు ఇష్టపడే పోకెమాన్ ఆటలో కట్ట సరిగ్గా 60. యు-గి-ఓ అనే జపాను ఆటలో ఒకే కార్డు మూడుకు మించకూడదు.

పోటీల్లో రకాలున్నాయి. 'స్టాండర్డ్' పోటీలో ఇటీవలి సంపుటాల కార్డులే చెల్లుతాయి. గడువు తీరిన సంపుటాలు తొలగిపోతాయి. ఆ గడువును 2023లో రెండేళ్ల నుండి మూడేళ్లకు పెంచారు. అయితే పాత కార్డే కొత్త సంపుటంలో మరల అచ్చయితే, ఇంట్లో ఉన్న పాతది కూడా చెల్లుతుంది. 'వింటేజ్' పోటీలో దాదాపు అన్ని కాలాల కార్డులూ చెల్లుతాయి. 'పాపర్' అంటే పేదవాడు. ఆ పోటీలో చౌకగా, విరివిగా దొరికే సామాన్య కార్డులే ఆడాలి.

'బ్లాక్ లోటస్' అనే 1993 నాటి కార్డు ఒకటి 2021లో 5 లక్షల డాలర్లకు పైగా అమ్ముడుపోయింది. అంత ఖరీదైనా స్టాండర్డ్ పోటీలో దానికి చోటు లేదు. వింటేజ్‌లో కట్టకు ఒక్కటి మాత్రమే అనుమతి. ధనము కార్డును కొనగలదు గాని అర్హతను కొనలేదు.

నిషేధములు ఎందుకు?

కొన్ని కార్డులు మరీ బలమైనవై, ఎదుటివానికి ఆడే అవకాశమే లేకుండా చేస్తాయి. అట్టివాటిని నిషేధిస్తారు. ఇది మొదటి కారణము.

రెండవది జూదము. తొలి నియమాల ప్రకారము ఆటకు ముందు ఒక్కొక్కరు తమ కట్టలోనుండి ఒక కార్డును పందెముగా పెట్టాలి. గెలిచినవాడు రెండూ తీసుకొనిపోతాడు. ఆ పద్ధతి నిలువలేదు. పందెమును గూర్చిన కార్డులన్నీ అధికారిక పోటీలలో నిషిద్ధములు. ఈ మాట విన్నప్పుడు తాతగారు మొదటిసారి తల ఊపారు.

మూడవది మనుష్యులను కించపరచడము. 2020 జూన్‌లో జాతిని, సంస్కృతిని అవమానించేవని కంపెనీ ఏడు కార్డులను అన్ని పోటీలనుండి తొలగించింది. ఒకదాని పేరు 'ప్రదేశ్ జిప్సీస్', మరొకటి 'జిహాద్', ఇంకొకటి 'క్రూసేడ్'. ఈ చివరి మాట దగ్గర మేము ఆగిపోయాము. మన సువార్త సభల గోడపత్రికల మీద ఆ మాటను ఎంత తేలికగా అచ్చువేస్తున్నాము! మనకది సభ పేరు. కాని సిలువ గుర్తు ధరించి జరిగిన యుద్ధాల జ్ఞాపకము ఆ మాటలో ఉన్నది. బొమ్మల కార్డులు అచ్చువేసేవారు ఆలోచించిన సంగతిని మనము ఆలోచించనక్కరలేదా?

ఎవరూ చూడనప్పుడు

పెద్ద పోటీలలో ప్రతివాడు తన కట్టలోని కార్డుల జాబితాను ముందే వ్రాసి ఇవ్వాలి. న్యాయనిర్ణేతలు కొందరి కట్టలను మాత్రమే విప్పి సరిచూస్తారు. మనుమడు ఒకసారి రెండు ఆటలు గెలిచాక, తన కట్టలో గడువు తీరిన కార్డు ఒకటి ఉన్నదని గమనించాడు. తానే లేచి వెళ్లి చెప్పాడు. ఆ తర్వాతి ఆట ఓడినట్టు వ్రాశారు.

"ఎవరూ చూడలేదు కదరా, ఎందుకు చెప్పావు?" అని అడిగారు తాతగారు.

"లిస్టు మీద నా పేరు రాశాను కదా తాతయ్యా" అన్నాడు వాడు.

తాతగారు కొంతసేపు మాటలాడలేదు. నియమప్రకారము పోరాడనివానికి కిరీటము లేదని పౌలు వ్రాసిన సంగతి (2 తిమోతి 2:5) మాకు ఆ క్షణాన గుర్తుకు వచ్చింది.

మన ఇంటి జాబితా

ఆట పేరు తాతగారికి ఇప్పటికీ నచ్చలేదు. ఆ బొమ్మలను చూచి మనస్సాక్షి ఒప్పుకోని కుటుంబాలు వద్దనడము తప్పు కాదు. ఎందుకంటే చెల్లేదంతా క్షేమాభివృద్ధి కలిగించదని కూడా ఆ అపొస్తలుడే బోధించాడు (1 కొరింథీ 10:23). లోపల ఏముందో తెలియని పొట్లాలను ఖరీదైన కార్డు ఆశతో మరల మరల కొనడము లాటరీకి దూరపు చుట్టము కాదు, దగ్గరి చుట్టమే. పోటీ నియమాలు దీన్ని ఆపవు. ఇంటి పెద్దలే ఆపాలి.

తాతగారు పెట్టెను తిరిగి ఇస్తూ మూడు మాటలు చెప్పారు: పందెము వద్దు, ఆదివారము ఆరాధన వేళ పోటీ వద్దు, నాన్నను అడగకుండా పొట్లము కొనవద్దు. పిల్లవాడు ఆ మూడింటిని కాగితము మీద వ్రాసి, కింద తన పేరు వ్రాసి, కట్టలోనే పెట్టుకున్నాడు.

తల్లిదండ్రులారా, మన పిల్లల చేతిలో రేపు మరొక ఆట ఉంటుంది, మన చేతిలో పొయ్యి ఎప్పుడూ ఉంటుంది. కాల్చకముందు కూర్చొని విందాము. వినకుండా కాల్చితే పిల్లవాడు దాచడము నేర్చుకుంటాడు. విన్న తర్వాత వద్దంటే, ఎందుకు వద్దన్నామో వాడికి తెలుస్తుంది. అట్టి వివేకమును ప్రభువు మన గృహాలకు దయచేయును గాక.