జాగతోపాటు అప్పు గూడ కొంటున్నరా?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ప్లాటుకు బయానా ఇచ్చేముందు ఒక ముచ్చట ఇనుండ్రి. బ్యాంకుల కుదువ వెట్టిన జాగను అమ్మినంత మాత్రాన కుదువ తెగది. అప్పు వాడింది అమ్మినోడు, వేలానికి పోయేది మాత్రం కొన్నోడి జాగ.

అందరు ఈసీ తీస్తరు. మంచిదే. కానీ రిజిస్టరైన లావాదేవీలే అండ్ల కనవడ్తయి. 1882 ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ల ఇంకో తొవ్వ ఉన్నది. సర్కారు నోటిఫై చేసిన పట్నంల అసలు దస్తావేజులను పూచీగ అప్పగిస్తే సాలు, కుదువ అయిపోయినట్టే. జాగ ఏ ఊళ్లె ఉన్నా సరే. దాని మీద కాయితం రిజిస్టర్ చెయ్యకుంటే ఈసీ సాఫ్‌గనే వస్తది.

అందుకే జిరాక్సులు నమ్మకుండ్రి, ఒరిజినల్ అడుగుండ్రి. "పోయినయి" అంటే పైసలు ఆపుండ్రి. అప్పు తీర్చిన అంటే బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ చూడుండ్రి. బ్యాంకు కుదువలు నమోదయ్యే సెర్సాయి అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 నుంచి ఉన్నది. చిన్న ఫీజు కట్టి ఎవలైనా ఆన్‌లైన్ల ఎతకొచ్చు. వడ్డీవ్యాపారి కాడి కుదువ మాత్రం అండ్ల దొరుకుతదని అనుకోవద్దు.

నా మాటేందంటే, ఈ సంగతి రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ మీదనే రాయాలె. బ్యాంకుకు వకీలు ఉంటడు, బ్రోకర్‌కు కమీషన్ ఉంటది. కూలి పైసలు కూడవెట్టి కొనేటోనికి ఏమున్నది?