గోధుమ లేకుండా గుల్లగా పొంగే బ్రెడ్డు

మా అమ్మాయికి సీలియాక్ జబ్బు ఉందని తేలాక మా ఇంట్లోకి మైదా, గోధుమపిండి, బొంబాయి రవ్వ రావడం మానేశాయి. భద్రాచలంలో ఉన్నవాళ్ళకు వేరే తిండికి కొదవ లేదు. చుట్టుపక్కల కోయగూడేల్లో జొన్న, సామ, కొర్ర తరతరాలుగా తింటున్నవే. కానీ పిల్ల అడిగింది బ్రెడ్డు. బడిలో తోటిపిల్లలు డబ్బాలో తెచ్చుకునే మెత్తటి బ్రెడ్డు. అది చిన్న కోరికేమీ కాదు. నలుగురితో కలిసి తినాలని ఏ పిల్లకైనా ఉంటుంది.

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీను గ్లూటెన్. సీలియాక్ ఉన్నవాళ్ళు అది తింటే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత పట్టుకుంటాయి, పిల్లల్లో ఎదుగుదల తగ్గుతుంది. గోధుమే కారణమని నెదర్లాండ్స్ పిల్లల డాక్టరు విలెం డికేకు ముందే అనుమానం ఉండేది. 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడంతో ఆ అనుమానం బలపడింది. 1950లో ఆయన దాన్ని పరిశోధన గ్రంథంగా వెలువరించాడు. ఇప్పటికీ జీవితాంతం గ్లూటెన్ మానడమే చికిత్స. అయితే అనుమానం రాగానే గోధుమ మానేయకండి. ముందు రక్తపరీక్ష చేయించాలి. మానేశాక చేయిస్తే జబ్బు బయటపడకపోవచ్చు.

బ్రెడ్డు గుల్లబారడానికి కారణం లోపల చిక్కిన గాలి. ఈస్టు వదిలే గాలిని గోధుమపిండిలో గ్లూటెన్ సాగి పట్టి ఉంచుతుంది. జొన్నకు, బియ్యానికి ఆ సాగే గుణం లేదు. మరి జొన్నరొట్టె విరగకుండా ఎలా వస్తుంది? పిండిలో మరిగే నీళ్ళు పోస్తాం కాబట్టి. వేడికి పిండిపదార్థం ఉడికి జిగురవుతుంది. మినప్పప్పు రుబ్బుతుంటే నురగలా పొంగి గాలిని పట్టుకుంటుంది, అందుకే దిబ్బరొట్టె ఓవెన్ లేకుండానే గుల్లగా వస్తుంది. బ్రెడ్డులో ఆ జిగురు పని ఇసబ్‌గోల్ చేస్తుంది. మందుల షాపులో దొరికే పొట్టే.

నా కొలతలివి: బియ్యప్పిండి 150 గ్రాములు, జొన్నపిండి 100, మెత్తగా పొడి చేసిన సగ్గుబియ్యం 50, ఇసబ్‌గోల్ 20, ఇన్‌స్టంట్ ఈస్టు 6, ఒక చెంచా చక్కెర, చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె, 350 మిల్లీలీటర్ల నీళ్ళు. ముందు ఇసబ్‌గోల్ నీళ్ళలో కలిపి, చిక్కటి జిగురయ్యేదాకా ఆగాలి. తర్వాత మిగతావన్నీ వేసి బాగా కలపాలి. ముద్ద చపాతీ పిండికన్నా మెత్తగా, చేతికి అంటుకునేలా ఉంటుంది. గట్టిపడాలని పిండి చల్లితే బ్రెడ్డు ఇటుకవుతుంది. చెయ్యి తడి చేసుకుని, నూనె రాసిన టిన్నులో సర్ది మూతపెట్టాలి. ఒకటిన్నర రెట్లు పొంగితే చాలు. వేసవిలో మా వైపు ఎండకు ఇట్టే పొంగిపోతుంది, కనిపెట్టుకుని ఉండాలి. మళ్ళీ పిసకకూడదు, పోయిన గాలి తిరిగి రాదు. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలి. పూర్తిగా చల్లారాకే కోయాలి. వేడిమీద కోస్తే లోపల బంకబంకగా ఉంటుంది.

కొలతలకన్నా శుభ్రత ముఖ్యం. గిర్నీలో మనకన్నా ముందు ఎవరైనా గోధుమలు పట్టించుకుని వెళ్తే, ఆ పిండి మన జొన్నల్లో కలుస్తుంది. అందుకే నేను ఇంట్లో మిక్సీలోనే పట్టి జల్లిస్తాను. కూటు ఇంగువలో గోధుమపిండి కలిపి ఉండొచ్చు. మిల్లెట్ బిస్కెట్ అని రాసి ఉన్నా అందులో ఇంకేం కలిపారో చదవాలి. మన నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాసే పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

2025 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్న ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్లు మా భద్రాచలం మహిళలు చేసేవే. గింజ మా దగ్గరే ఉంది, చేసే చేతులూ ఉన్నాయి. గోధుమ సోకని గిర్నీ ఒకటి, ఓవెన్ ఒకటి విడిగా పెట్టగలిగితే, మా అమ్మాయిలాంటి పిల్లలకు బ్రెడ్డు ఊళ్ళోనే దొరుకుతుంది. మహిళా సంఘాలు, అధికారులు ఈ పనికి పూనుకోవాలని ఒక తల్లిగా కోరుతున్నాను.