కథల రికార్డులకు దిక్కెవరు?

ఏడుగురు రాణులున్న రాజుకు సంతానం లేదు. సన్యాసి ఇచ్చిన వేరును నూరి తాగిన అయిదుగురికి రాజకుమారులు పుట్టారు. అడుగు బొడుగు మాత్రమే దక్కిన తక్కిన ఇద్దరిలో ఒకరికి గుడ్లగూబ, మరొకరికి కోతి జన్మించాయి. 'బుద్ధు-భుతుం'గా బెంగాలు ఇంటింటా తెలిసిన ఈ గాథను దక్షిణారంజన్ మిత్ర మజుందార్ 1907లో 'ఠాకూర్‌మార్ ఝూలి' (అవ్వ సంచి) సంపుటంలో అచ్చువేయించారు. అవ్వల నోట వినవచ్చిన ఆ కథ కొన్ని దశాబ్దాల అనంతరం సంభాషణలతో, పాటలతో గ్రామఫోను నాటికగా తిరిగి చెవులకే చేరింది. ఆస్కార్ వైల్డ్ 1888లో ప్రచురించిన స్వార్థపరుడైన రాక్షసుని కథ సైతం 'హింసుటే దైత్య'గా బెంగాలీలో రికార్డయింది.

పూర్వపు లక్క రికార్డులో ఒక్కొక్క వైపున మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. అందువల్ల నాటకమంటే పలు రికార్డుల సెట్టు కొనవలసిందే. తెలుగునాట పౌరాణిక నాటకాలు అలాగే వచ్చాయి. అవి పెద్దల కోసం. పిల్లలు పెట్టె చుట్టూ మూగి వినేవారు, అంతే. వైపునకు సుమారు ఇరవై నిమిషాలు పలికే లాంగ్ ప్లే రికార్డు వచ్చిన పిదపనే పిల్లల కథ ఒకే ప్లేటులో ఇమిడింది. 1980 దశకంలో చౌక క్యాసెట్లు వెల్లువెత్తగా రికార్డు ప్లేయర్లు అటకెక్కాయి. 1996లో మద్రాసున ఆరంభమైన 'కరడి టేల్స్' నసీరుద్దీన్ షా గళంతో కథలను క్యాసెట్లకెక్కించి ఈ ప్రక్రియకు ఊపిరి పోసింది. పాత రికార్డులను మాత్రం పట్టించుకున్నవారు అరుదు.

ఇందుకు చట్టంలోని లోటు ఒక ప్రధాన కారణం. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు ప్రచురణకర్త అందజేయాలి. రికార్డుకు ఆ నిబంధన లేదు. కనుక 'ఠాకూర్‌మార్ ఝూలి' పుస్తకం పదిలమే. అదే కథ పలికిన రికార్డు ఎవరి ఇంట ఉంటే వారి పుణ్యం.

కాపీరైటు చట్టం చిక్కును మరింత బిగిస్తున్నది. శబ్ద ముద్రణకు రక్షణ 60 ఏళ్లు. 1975లో విడుదలైన రికార్డు 2035 ముగిసే వరకు హక్కుదారుదే. హిట్ పాటలైతే కంపెనీలు మళ్లీ మళ్లీ విడుదల చేస్తాయి. పిల్లల నాటికకు ఆ గిరాకీ ఎక్కడిది? 2012 సవరణ ఒక వెసులుబాటు కల్పించింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన వద్ద అసలు ప్రతి ఉన్నట్లయితే పరిరక్షణ కోసం దానిని డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. అయితే సమర్పణ నిబంధనే లేనప్పుడు గ్రంథాలయం చేతికి అసలు ప్రతి వచ్చేదెలా? ఇచ్చిన వెసులుబాటు ఈ రికార్డుల విషయంలో చాలావరకు కాగితంమీదనే మిగిలింది.

జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం హిందుస్తానీ సంగీత రికార్డులను సేకరించి డిజిటల్ రూపంలో భద్రపరిచింది. సంగీత విద్వాంసుల ముద్రణలకు లభించిన ఈ గౌరవం కోతి, గుడ్లగూబల కథకు దక్కడం సులభం కాదు. పైగా పిల్లల రికార్డులు తక్కినవాటికంటే త్వరగా అరుగుతాయి. పెద్దలు పాటను అప్పుడప్పుడు వింటారు. పిల్లవాడు ఒకే కథను రోజుకు నాలుగుసార్లు పెట్టించుకుంటాడు, ముల్లును తన చేత్తోనే దించుతానని మారాం చేస్తాడు. ఒక ప్రతిలో మొదటి వైపు, మరొక ప్రతిలో రెండవ వైపు బాగుంటే, రెండింటినీ జతపరిస్తే తప్ప కథ పూర్తికాదు. ఆ రెండు ప్రతులు ఉండేది రెండు వేర్వేరు ఇళ్ల అటకలపైన.